ఎడమ కాలి జోడు

సెప్టెంబరు 9

డైరీ రాసేవాళ్ళంటే నాకెప్పుడూ గౌరవం లేదు. ఎవరూ చదవకూడదంటారు, ఎవరైనా చదువుతారేమోనని అక్షరాలు గుండ్రంగా రాస్తారు. నా అక్షరాలు నాకే సరిగా కనిపించవు. కాబట్టి ఇది నిఖార్సైన డైరీ.

గది మూడో అంతస్తులో. మంచం, బల్ల, రెండు కుర్చీలు. ఒక్కరే కదా, రెండో కుర్చీ తీసేయమంటారా అని ఇల్లుగలావిడ అడిగింది. ఉంచమన్నాను. పుస్తకాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది.

యూనివర్సిటీలో పిల్లలు నన్ను చూసి ప్రొఫెసర్ననుకుని తలుపు తెరిచి పట్టుకుంటారు. స్టూడెంట్‌నని తెలిశాక ఆ తలుపు వచ్చి నా ముఖానికే తగులుతుంది. నాకు అరవై ఎనిమిది. నా గైడు వయసు అందులో సగం ఉండదు. "ఈ వయసులో ఇంత దూరం ఎందుకొచ్చారు?" అని అడిగింది. చదువుకోవడానికన్నాను. అబద్ధం. ఒక డిగ్రీ కాగితం తీసుకెళ్ళి ఒక మనిషి ముఖాన కొట్టడానికొచ్చాను.

సెప్టెంబరు 10

ఆ మనిషి గురించి ఒకసారి రాసి పడేస్తే మళ్ళీ రాయనక్కర్లేదు.

నాకు ఇప్పటి వయసులో సగం ఉండగా థీసిస్ రాశాను. 'యాత్రా రచనల్లో తోటి ప్రయాణికులు' అని. దొరికిన ప్రతి యాత్రా గ్రంథమూ చదివాను, దొరకనివి తెప్పించుకుని చదివాను. అప్పటి నా గైడు దాన్ని పరీక్షకి మా ఆవిడ అన్నగారికే పంపాడు. "మనవాడే కదయ్యా, రెండు మంచి ముక్కలు రాసి పంపేస్తాడు" అన్నాడు. మా ఇంట్లో అందరిదీ అదే ధైర్యం. చుట్టాలకీ పక్కాలకీ ముందే చెప్పేశాం.

ఆయన రాసింది ఒక్క వాక్యం. "పరిశోధకుడు పుస్తకాలన్నీ చదివాడు, రైలు మాత్రం ఎక్కలేదు."

డిగ్రీ రాలేదు. లెక్చరర్‌గా చేరినవాణ్ణి లెక్చరర్‌గానే రిటైరయ్యాను. ఆ రోజు నుంచీ ఆయన మా గుమ్మం తొక్కలేదు. నేను తొక్కనివ్వలేదు. ఈ డైరీలో ఆయన పేరు ఎగ్జామినర్.

ఈ యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టించింది మా ఆవిడే. "పదండి, ఇద్దరం వెళ్దాం. నిజంగానే రైలెక్కేద్దాం, ఓ పనైపోతుంది" అని నవ్వింది. ఇద్దరికీ పాస్‌పోర్టులు వచ్చాయి. ఆమెది నా పెట్టెలోనే ఉంది. అందులో ఒక్క స్టాంపు లేదు.

ఫిబ్రవరిలో పోయింది. దాని గురించి రాయను.

ఎగ్జామినర్ ఫిబ్రవరిలో వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. నేను లోపలికి రమ్మనలేదు. అదీ రాయను.

సెప్టెంబరు 16

ఈ ఊళ్ళో అద్దె తక్కువ, యూనివర్సిటీ నగరంలో ఉంది. అందుకని ప్రతి బుధవారం పొద్దున రైల్లో వెళ్ళి, గైడుకి ముఖం చూపించి, లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం బండికి తిరిగొస్తున్నాను.

సాయంత్రం బండిలో ఎదురెదురుగా రెండేసి సీట్లు, మధ్య చిన్న బల్ల. ఎక్కేవాళ్ళు రోజూ ఎక్కేవాళ్ళే, కూర్చునేది రోజూ కూర్చునే చోటే. ఖాళీగా ఉంది కదా అని కిటికీ పక్కన కూర్చున్నాను. ఒక ముసలాయన వచ్చి ఏమీ అనకుండా నా నెత్తి మీదే నిలబడ్డాడు. ఎదురు సీటావిడ అంది, "అది ఆయన సీటండీ. మీరు ఇటు జరగండి, ఇక్కడ కూర్చునే ఆయన పోయిన నెల రిటైరయ్యాడు." జరిగాను. ఈ దేశంలో నాకు మొట్టమొదట దొరికిన ఉద్యోగం అదే, ఒక రిటైరైన మనిషి సీటు.

ముసలాయన చేతుల నిండా నల్లటి గీతలు, తోలు వాసన. నగరంలో కొలత తీసుకుని బూట్లు కుట్టే దుకాణంలో మేస్త్రి. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. బండి ఎక్కగానే బూట్లు విప్పేసి కాళ్ళు ఎదుటి ఖాళీ సీటు మీద చాపుతుంది. మేస్త్రి ఆ బూట్లు చూసి తల తిప్పుకుంటాడు. అలాంటి కుట్టు ఆయన చూడలేడట.

యాత్రా రచయితలందరూ అబద్ధాలకోరులే. తోటి ప్రయాణికులంతా వాళ్ళ భాషలోనే, వాళ్ళకంటే బాగా మాట్లాడతారు. నేనూ ఇక్కడ వీళ్ళ మాటలు తెలుగులోనే రాస్తున్నాను. కానీ నేను పుస్తకం రాయడం లేదు.

సెప్టెంబరు 17

గదిలో హీటరు పెద్దమనిషిలా గొంతు సవరించుకుంటుంది, వేడి మాత్రం ఇవ్వదు.

సెప్టెంబరు 30

ఇవాళ ఒక పొరపాటు జరిగింది.

నర్సమ్మ ఆదివారం భోజనానికి రమ్మంది, మేస్త్రినీ నన్నూ. తన పిల్లలూ వాళ్ళ పిల్లలూ అందరూ వస్తారట. నాకు కొత్తవాళ్ళ ఇళ్ళలో భోజనాలు పడవు. ఎవరేది అడిగినా నా నోటికి ముందు వచ్చే మాట ఒకటుంది. పెళ్ళికి రమ్మన్నా, సంఘంలో చేరమన్నా, పుస్తకానికి ముందుమాట రాయమన్నా అదే మాట. కాదని చెప్పడానికి నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళుగా తెలిసిన ఒకే ఒక పద్ధతి.

"ఇంట్లో అడిగి చెబుతానండీ" అన్నాను.

నర్సమ్మ ముఖం వెలిగిపోయింది. "అయ్యో, మీ ఆవిడ కూడా ఇక్కడే ఉన్నారా! చెప్పరేం! ఇద్దరూ రండి."

చెప్పేద్దామనుకున్నాను. అంతలో నా స్టేషన్ వచ్చింది.

అక్టోబరు 1

స్టేషన్ రావడం నిజం. దిగకపోతే తలుపు మూసుకుంటుంది. బుధవారం చెప్పేస్తాను.

అక్టోబరు 7

చెప్పలేదు.

కూర్చోగానే నర్సమ్మ అడిగింది, "ఏమన్నారు ఆవిడ?"

"వద్దంది. మోకాళ్ళు. స్టేషన్ మెట్లు ఎక్కలేదు" అన్నాను. మోకాళ్ళ నొప్పులు నిజమే. ఉండేవి.

"ఎంత పాపం! మరి పగలంతా ఒక్కరే ఏం చేస్తారు గదిలో?"

"నన్ను తిట్టుకుంటూ కూర్చుంటుంది."

ఇద్దరూ నవ్వారు. మేస్త్రి అన్నాడు, "అయితే బాగానే ఉన్నారన్నమాట. మా ఆవిడ తిట్టడం మానేసిన రోజునే డాక్టర్ని పిలిచాను."

ఇంకా అడిగారు. చెప్పాను. టీ చేస్తే సగం గ్లాసు తాగి మిగతాది ఎక్కడో పెట్టి మరిచిపోతుందని చెప్పాను. నవల చివరి పేజీ ముందు చదువుతుందని, ఎవరూ చావకపోతేనే మొదలుపెడుతుందని చెప్పాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు. క్రియలు మాత్రం ఉండాల్సిన కాలంలో లేవు.

చీకటి పడే వేళకి గదికొచ్చి తాళం తీస్తూ ఉంటే, ఏమీ కొని తీసుకురాలేదే అని చటుక్కున అనిపించింది.

అక్టోబరు 14

మేస్త్రి అడిగాడు, ఆవిడ ఎలా ఉన్నారని. బాగుందన్నాను.

గైడు అడిగింది, మొదటి చాప్టరు ఎలా ఉందని. బాగుందన్నాను. మొదలుపెట్టలేదు.

అక్టోబరు 21

చలి మొదలైంది. నర్సమ్మ కిటికీ అద్దం మీద ఆవిరి తుడుస్తూ, "మీ ఆవిడ కాళ్ళకి ఏం తొడుగుతారు?" అని అడిగింది.

"నా పాత మేజోళ్ళు. వాటి మీద చెప్పులు."

మేస్త్రి చేతిలో పేపరు కింద పెట్టేశాడు. తన జీవితంలో ఇంత ఘోరం వినలేదన్నట్టు చూశాడు. "ఈ చలికి చెప్పులా? మోకాళ్ళు నొప్పి పుట్టవా మరి! కొలత పట్టుకు రండి. జోడు కుట్టిస్తాను. లోపల ఉన్ని వేసి."

"ఎందుకండీ శ్రమ..."

"మీకు కాదుగా. ఆవిడకి. ఆవిడని అడిగి చెప్పండి." కన్ను గీటాడు. నా మాట నాకే తిప్పికొట్టాడు.

"ఆడవాళ్ళ జోడు కుట్టి చాలా కాలమైంది. అందరూ యంత్రం మీద చేసినవే కొంటున్నారు. చేతికి పని దొరికిందనుకోండి. ఒక కాగితం మీద ఆవిడని నిలబెట్టి, పెన్సిల్‌తో పాదం చుట్టూ గీత గీసి తీసుకురండి. రెండు కాళ్ళకీ. అంతే."

అంతే.

అక్టోబరు 22

ఆమె చెప్పుల సైజు ఎంత?

తెలుసు. గుర్తు రావడం లేదంతే.

అక్టోబరు 24

ఒక పేపరు నేల మీద పరిచి నా పాదమే చుట్టూ గీత గీశాను. పడవంత వచ్చింది. లోపల తగ్గించి ఇంకోటి గీశాను. అది మనిషి పాదంలా లేదు, వంకాయలా ఉంది. మూడోది గీస్తుంటే నడుం పట్టేసింది. మంచం పట్టుకుని లేచాను.

కళ్ళు మూసుకుంటే ముఖం కనిపిస్తుంది. చేతులు కనిపిస్తాయి. చదువుతున్నప్పుడు వేలితో చెవి వెనక వెంట్రుక తిప్పడం కనిపిస్తుంది. పాదాలు కనిపించడం లేదు. నేను ముందు నడిచేవాణ్ణి, ఆమె వెనక వచ్చేది. పాదాలు చూడాల్సిన అవసరం ఎప్పుడు వచ్చింది?

అక్టోబరు 28

జలుబు చేసిందని చెప్పాను. నాకు కాదు, ఆమెకి. నిలబడలేకపోతోందన్నాను.

"ఫరవాలేదు. నేనూ మీ స్టేషన్‌లోనే దిగి వచ్చి కొలుచుకుంటాను. పది నిమిషాల పని" అన్నాడు మేస్త్రి.

నర్సమ్మ, "నేనూ వస్తాను. జలుబేనో ఇంకేదైనానో చూడొచ్చు" అంది.

ఎంత మంచివాళ్ళు. పీక పిసకాలనిపించింది. తగ్గాక కబురు చేస్తానని తప్పించుకున్నాను.

నవంబరు 2

పుండు మీద కారం చల్లినట్టు ఇవాళ ఎగ్జామినర్ ఫోన్ చేశాడు. ఫిబ్రవరి తర్వాత ఇదే మొదటిసారి మాట్లాడడం.

"బావగారూ, నేను."

"చెప్పండి."

"పదకొండో తారీఖున మీ యూనివర్సిటీలోనే నా ఉపన్యాసం ఉంది. పిలిచారు."

పిలుస్తారు. ఆయన్ని ఎక్కడికైనా పిలుస్తారు.

"మంచిది."

"మిమ్మల్ని చూసి వెళ్దామని. మీ గది కూడా."

"గదిలో చూడ్డానికేముంది? మంచం, బల్ల."

"అదే చూస్తాను" అన్నాడు. మళ్ళీ, "మా చెల్లెలు ఉండాలనుకున్న చోటు కదా" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేయలేదు. పెట్టేయాల్సింది.

నవంబరు 3

పదకొండు బుధవారం. సాయంత్రం బండి.

నవంబరు 5

ముందు బండికి వెళ్ళొచ్చు. ఆయన ఉపన్యాసం అయ్యేసరికి ఆ బండి పోతుంది. తర్వాతి బండి ఉంది, దానికి రెండు గంటలు ఆగాలి. ఆ రెండు గంటలూ ఆయనతో ప్లాట్‌ఫారం మీద ఏం మాట్లాడను?

వేరే పెట్టెలో ఎక్కొచ్చు. కానీ నేను రాకపోతే నర్సమ్మ పెట్టె పెట్టె వెతుక్కుంటూ వస్తుంది. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఆమె జలుబు ఎలా ఉందో అడగకుండా ఉండలేదు.

ఆయనకి ముందే చెప్పేయొచ్చు. ఏమని? "బావగారూ, మీ చెల్లెలు రైల్లో బతికే ఉంది, దయచేసి చంపకండి" అనా? ఆయనకి అబద్ధం రాదు. అబద్ధం వచ్చుంటే నేను డాక్టరేటు తీసుకుని ముప్ఫై ఏళ్ళయ్యేది.

ఈ ప్రపంచం మొత్తం మీద ఆమె ఉన్న చోటు ఆ నాలుగు సీట్లే. ఆయన ఎక్కితే ఆమె మళ్ళీ పోతుంది.

నవంబరు 11

రాయాలి. వరసగా రాయాలి.

ఉపన్యాసం బాగుంది. అదీ రాయాలి. హాలు నిండింది. ఒక్క కాగితం చూడలేదు. ముసలివాడైపోయాడు, మెట్లు దిగుతుంటే నేను చెయ్యి ఇవ్వలేదు, నా గైడు ఇచ్చింది.

స్టేషన్‌కి నడుస్తూ చెబుదామనుకున్నాను. ఆయన ఆయాసపడుతున్నాడు. రైలు కదిలాక చెబుదామనుకున్నాను. రైలు ఎక్కేసరికే వాళ్ళిద్దరూ కూర్చుని ఉన్నారు.

"ఈయన మా బావగారు" అన్నాను. వేరే మాట తోచలేదు. "మా ఆవిడ అన్నగారు."

నర్సమ్మ చాపిన కాళ్ళు తీసేసి సీటు తుడిచింది. "రండి రండి! అయితే చెల్లెల్ని చూడడానికి వచ్చారన్నమాట!"

ఎగ్జామినర్‌కి ఇక్కడి భాష నాకంటే బాగా వచ్చు. అర్థం కాలేదనుకునే ఆశ కూడా లేదు. ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అద్దంలో ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళ కిందట నా థీసిస్‌ని అలాగే చూసి ఉంటాడు.

"అవును. చెల్లెల్ని చూడడానికే వచ్చాను" అన్నాడు.

"చూసి ఎన్నాళ్ళైంది?"

"ఏళ్ళు. మా బావగారికీ నాకూ చిన్న మాట పట్టింపు వచ్చింది."

"ఎవరిది తప్పు?" అని మేస్త్రి సూటిగా అడిగాడు.

"ఎవరి లెక్కలో వాళ్ళది సరైనదే."

"అయితే ఇద్దరిదీ" అని తేల్చేసింది నర్సమ్మ. "మధ్యలో నలిగింది ఆ మహాతల్లి. ఇవాళ మిమ్మల్ని చూడగానే ఏడుస్తారు చూడండి."

"ఏడవదు. అది ఏడ్చే రకం కాదు. గుమ్మంలోనే మొదలుపెడుతుంది. ఇంత బక్కచిక్కావేం అన్నయ్యా, వదిన తిండి పెట్టడం లేదా అంటుంది. నేను సమాధానం చెప్పేలోపు కూర్చోబెట్టేస్తుంది. కూర్చున్నాక, నీ మీద నాకు కోపం పోలేదు అని గుర్తు చేస్తుంది."

అది ఆమె గొంతే. ఆ ఎత్తిపొడుపు, ఆ మాట తిప్పడం. తొమ్మిది నెలల తర్వాత విన్నాను.

మేస్త్రి ముందుకు వంగాడు. "మీరు రావడం మంచిదైంది. ఈయనేమో రోజుకో సాకు చెబుతున్నాడు. ఆవిడ కాళ్ళకి జోడు కుడతానన్నాను, కొలత తీసుకురమ్మంటే తేడు. జలుబంటాడు. మీరైనా ఇవాళ గీసి పంపించండి."

అయిపోయిందనుకున్నాను.

ఎగ్జామినర్ మేస్త్రి చేతిలో పేపరు కోసం చెయ్యి చాపాడు. "ఆ పేపరు ఇలా ఇవ్వండి. పెన్సిల్ ఉందా?"

బల్ల మీద పేపరు పరిచాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. గీయడం మొదలుపెట్టాడు. మడమ దగ్గర మొదలుపెట్టి, పక్కగా పైకి వచ్చి, చిటికెన వేలు దగ్గర చిన్నగా మెలి తిప్పి, చెయ్యి ఎత్తకుండా. రైలు ఊగుతోంది, ఆ చెయ్యి ఊగలేదు.

"మా చిన్నప్పుడు ఆడపిల్లల్ని బజారుకి తీసుకెళ్ళేవారు కాదు" అంటున్నాడు, గీస్తూనే. "దాన్ని కాగితం మీద నిలబెట్టి గీత గీసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని నేను వెళ్ళి కొనేవాణ్ణి. ప్రతి ఏడూ నేనే. చక్కిలిగిలి పుట్టి ఎగిరేది. చీలమండ గట్టిగా పట్టుకోవాల్సొచ్చేది."

కుడి పాదం అయింది. ఎడమది పక్కన మొదలుపెట్టాడు. అది ఇంకొంచెం వెడల్పుగా వచ్చింది. బొటనవేలి మీదికి రెండో వేలు కొద్దిగా ఎక్కి ఉంది.

"రెండూ ఒకలా లేవే" అన్నాడు మేస్త్రి.

"లేవు. ఎనిమిదో ఏట గోడ మీంచి దూకింది. నేనే దూకమన్నాను. ఎముక సరిగా అతకలేదు. అప్పటి నుంచీ ఏ జోడైనా ఎడమది కరుస్తుంది దానికి. నొప్పి అని చెప్పదు. ఎవరూ చూడకుండా బల్ల కింద విప్పేస్తుంది."

నర్సమ్మ తన కాళ్ళ వైపు చూసుకుని నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. ఆ గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పుతున్నాడు.

పెళ్ళిళ్ళలో, సభల్లో, బస్సుల్లో, ఎక్కడ కూర్చున్నా ఒక కాలి చెప్పు విప్పేసేది. లేచేటప్పుడు కాలితో వెతుక్కునేది. నలుగురిలో అదేం అలవాటని నేను కసిరేవాణ్ణి. ఎడమదేనా? ఎడమదే. ఎడమదే అయ్యుండాలి.

నాకు తెలుసు. ఎప్పుడూ ఎడమదే.

మా స్టేషన్ వచ్చింది. మేస్త్రి పేపరు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. దిగుతుంటే నర్సమ్మ అరిచింది, "ఆవిడకి మా నమస్కారాలు చెప్పండి!"

"చెబుతాను" అన్నాడు ఎగ్జామినర్.

నవంబరు 12

ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుండిపోయాడు. నేనూ కూర్చున్నాను. జనం అంతా వెళ్ళిపోయారు. తర్వాత ముక్కు చీదుకుని, "మెట్లెన్ని ఉన్నాయి మీ గదికి?" అని అడిగాడు. అంతే.

నవంబరు 13

మిగతాది రాస్తాను.

గదికి వచ్చాక గుమ్మం దగ్గర ఆగిపోయాడు. నేను లోపలికి వెళ్ళి చూస్తే అక్కడే నిలబడి ఉన్నాడు, ఫిబ్రవరిలో లాగే.

"రండి" అన్నాను.

"రావచ్చా?"

"నేను రమ్మంటున్నాగా."

"మీరు రమ్మనడం కాదు బావగారూ. అది రావద్దంది."

అర్థం కాలేదు. రెండో కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టాను. వచ్చి కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చోవడం అదే మొదటిసారి.

"ఆ రిపోర్టు ఇవాళ రాయమన్నా అదే రాస్తాను. దాని గురించి క్షమాపణ అడగను" అన్నాడు.

"అడగమనలేదు."

"పంపేముందు దానికి చదివి వినిపించాను. ఊళ్ళోకొచ్చాను, మీరు కాలేజీకి వెళ్ళారు. విని, 'నిజమే రాశావు అన్నయ్యా. ఆయన ముఖం చూసి ఎవరో ఒకరు చెప్పాల్సిందే' అంది. సరే అని లేచాను. గుమ్మం దాకా వచ్చి, 'కానీ నువ్వింక మా ఇంటికి రాకు. ఆయన తట్టుకోలేరు. నీకు చాలామంది ఉన్నారు, ఆయనకి నేనే' అంది."

కింద పెట్టిన పుస్తకాలు సర్దాను.

"అది అన్నాక నేనెలా వస్తాను? ఫిబ్రవరిలో కూడా... అది వద్దన్న మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది కదా."

అంటే ఆయన్ని గుమ్మం తొక్కనివ్వనిది నేను కాదు. ఆయన మీద నా కోపాన్ని ఇన్నేళ్ళూ ఆమె మోసింది. ఆయన మాట నిజమని తెలిసే మోసింది. నా పక్కన కూర్చుని, ఆయన్ని నేను తిడుతుంటే ఊఁ కొడుతూ.

ఒకటి రెండు సార్లు, "ఇంక చాలు లెండి" అనేది. అలసిపోయి అంటోందనుకునేవాణ్ణి.

పొద్దున మొదటి బండికి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతుంటే చెయ్యి ఇచ్చాను. ఒళ్ళు తూలుతోంది, అందుకని.

నవంబరు 18

ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. ఆయన రాసిన ఒక్క వాక్యం కంటే గొప్పది ఇందులో ఒక్కటీ లేదు. అది చాలా ఒళ్ళు మండించే సంగతి.

నవంబరు 25

మేస్త్రి జోడు గురించి ఏమీ చెప్పడు. అడిగితే "కుడుతున్నా" అంటాడు. బావగారు వెళ్ళిపోయారా, ఆవిడ ఏడిచారా అని నర్సమ్మ అడిగింది.

ఏడవలేదన్నాను. గుమ్మంలోనే తిట్టిందన్నాను.

డిసెంబరు 9

కుట్టేశాడు.

గుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోధుమరంగు తోలు, లోపల ఉన్ని, పక్కన చిన్న బొత్తాలు. వంగలేని వాళ్ళకి తాడు కంటే బొత్తం మంచిదట. ఎడమది కుడిదాని కంటే కాస్త వెడల్పు. చూస్తే తెలియదు. పట్టుకుంటే తెలుస్తుంది. వేళ్ళ దగ్గర లోపల ఎత్తుగా చోటు వదిలాడు, రెండో వేలు కోసం.

నర్సమ్మ ఒకటి తీసి బుగ్గకి ఆనించుకుంది. "నా కోసం ఎవరూ ఇలాంటిది కుట్టలేదు" అంది. మేస్త్రి సిగ్గుపడ్డాడు.

"తొడిగి గదిలో నాలుగు అడుగులు నడవమనండి. ఎక్కడ కరుస్తుందో వచ్చే బుధవారం చెప్పండి. నిజం చెప్పాలి. బాగున్నాయని మర్యాదకి చెబితే నాకు పనికిరాదు" అన్నాడు నాతో.

గదికి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టాను, నా బూట్ల పక్కన. వేరే ఎక్కడ పెడతారు?

డిసెంబరు 11

వాటి మీద దుమ్ము పడుతోంది. తుడిచాను.

డిసెంబరు 12

మళ్ళీ తుడిచాను. పడలేదు, అయినా తుడిచాను.

డిసెంబరు 14

నిజం చెప్పాలన్నాడు. బుధవారం చెప్పేస్తాను. అలాంటి పని చేసిన మనిషికి అబద్ధం చెప్పకూడదు. ఆవిడ లేదండీ, ఫిబ్రవరిలోనే పోయింది, మీ జోడు తొడగడానికి ఎవరూ లేరు. చిన్న చిన్న మాటలే. ఈ భాషలో కూడా నాకు వచ్చిన మాటలే.

గట్టిగా ఒకసారి అనుకుని చూశాను. సగంలో ఆగిపోయింది.

డిసెంబరు 15

ఫోన్ చేశాను. నా అంతట నేను ఆయనకి ఫోన్ చేయడం పుట్టి బుద్ధెరిగాక ఇదే.

"బావా" అన్నాను.

"చెప్పు బావా" అన్నాడు.

"జోడు వచ్చింది."

"ఎలా ఉంది?"

"బాగుంది. మేస్త్రి అడుగుతున్నాడు, ఎక్కడ కరుస్తోందో చెప్పమని. రేపు చెప్పాలి." "ఏం చెప్పను?"

నిజం చెప్పేయమంటాడనుకున్నాను. ఆయన చెప్పేది ఎప్పుడూ అదే. అందుకే చేశానేమో.

ఆయన ఆలోచిస్తున్నాడు. రిపోర్టు రాసేముందు ఆలోచించే మనిషి.

"కుడిది సరిపోయిందని చెప్పు. ఎడమది పక్కన కొద్దిగా పట్టేస్తోందని చెప్పు. ఏ జోడూ మొదటిసారి బాగుందని అనలేదది. నేను మళ్ళీ బజారుకి వెళ్ళాల్సిందే, మార్చుకు రావాల్సిందే. ప్రతి ఏడూ."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ" అన్నాడు.

డిసెంబరు 16

ఎడమది గుడ్డలో చుట్టి తీసుకెళ్ళాను. "పక్కన కొద్దిగా పట్టేస్తోందట" అన్నాను.

మేస్త్రి ముఖం చేటంత అయింది. "అనుకున్నాను! బాగున్నాయని చెబితే నమ్మేవాణ్ణి కాదు. అలాంటి కాలు అంత తేలిగ్గా ఒప్పుకోదు." జోడులో చెయ్యి పెట్టి లోపల తడుముతూ, "ఇక్కడేనా? ఈ పక్కనా?" అని అడిగాడు.

"అక్కడే" అన్నాను.

"ఇంకేమన్నారు?"

"ఉన్ని బాగుందంది. రంగు ముసలివాళ్ళు వేసుకునేదిలా ఉందంది."

"ఆవిడ ముసలావిడ కాదేమిటి?" అని నర్సమ్మ నవ్వింది.

"ఆ మాట మీరే చెప్పండి ఆవిడకి" అన్నాను.

కుడిది గుమ్మం దగ్గర ఉంది. ఎడమది వచ్చే బుధవారం ఇస్తానన్నాడు.